41 భాగాల్లో ఒక్కసారి పలికిన పేరు

బ్రిటన్‌కు చెందిన గ్రనాడా టెలివిజన్ 1984లో మొదలుపెట్టి 1994లో ముగించిన షెర్లాక్ హోమ్స్ ధారావాహిక నా దగ్గరకు వచ్చి పదహారేళ్ళయింది. అన్నయ్య మాంచెస్టర్‌లో ఉద్యోగం ముగించుకుని వస్తూ తెచ్చిన డీవీడీల పెట్టె అది. ఈ ధారావాహిక కోసం హోమ్స్ ఉండే బేకర్ వీధి సెట్టు వేసింది కూడా ఆ ఊళ్ళోనే. ఇన్నేళ్ళలో 41 భాగాలనూ మూడుసార్లు వరుసగా చూశాను. జెరెమీ బ్రెట్ హోమ్స్‌గా ఎంత గొప్పగా నటించాడో చాలామంది చెప్పారు, దానికి నేను కొత్తగా కలపగలిగింది ఏమీ లేదు. మూడోసారి చూసినప్పుడు నా మనసులో నిలిచిపోయింది మాత్రం వేరొకటి. అది హోమ్స్ తన స్నేహితుడు డాక్టర్ వాట్సన్‌ను పిలిచే పిలుపు.

వాట్సన్ విషయంలో నాకు మొదట్లో చాలా గట్టి అభిప్రాయం ఉండేది. తొలి 13 భాగాల్లో ఆ పాత్ర వేసిన డేవిడ్ బర్క్ ఉత్సాహవంతుడు, చురుకైన కళ్ళవాడు, హోమ్స్ తెలివికి ఆశ్చర్యపడుతూనే సందు దొరికితే అతన్ని ఆటపట్టించగలిగినవాడు. 1939 నుంచి 1946 వరకూ బేసిల్ రాత్‌బోన్ హోమ్స్‌గా వచ్చిన చిత్రాల్లో వాట్సన్‌ను అడుగడుగునా తడబడే మనిషిగా, నవ్వించడానికే పెట్టుకున్న తోడుగా చూపించిన అన్యాయాన్ని బర్క్ ఒక్కడే సరిదిద్దాడని స్నేహితులందరికీ చెప్పేదాన్ని. అతను రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి వెళ్ళిపోయాక, 1986లో 'ది ఎంప్టీ హౌస్'తో ఎడ్వర్డ్ హార్డ్‌విక్ వచ్చాడు. ఆయన నాకు మరీ నెమ్మదిగా, మరీ పెద్దమనిషిలా కనిపించాడు. 'మొదటి 13 చూస్తే చాలు' అని సలహా ఇచ్చాను కూడా. ఆ మాట విని అక్కడితో ఆపేసినవాళ్ళకు ఇప్పుడు దాన్ని కొంత మార్చి చెప్పవలసి వస్తోంది. బర్క్ మీద ఇష్టం తగ్గలేదు. హోమ్స్ జలపాతంలో పడి చనిపోయాడనుకున్నప్పుడు, అక్కడ అతను వదిలివెళ్ళిన ఉత్తరం చదివేటప్పటి బర్క్ ముఖం ఇప్పటికీ నా కళ్ళముందు ఉంటుంది. అయితే హోమ్స్ చనిపోయాడనుకుని మూడేళ్ళు గడిపిన మనిషి కాస్త నెమ్మదించి, కాస్త వయసు మీదపడి కనిపించడంలో వింతేమీ లేదని, ఆ మూడేళ్ళ బరువును హార్డ్‌విక్ ఒక్క మాట కూడా అనకుండా మోశాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అది తెలిసిన సందర్భం చెప్పాలి. పోయినేడాది వర్షాకాలంలో నాన్నగారికి డెంగ్యూ వచ్చి ఆసుపత్రిలో ఉన్నారు. ఆయనతో పాటు ఒకే బడిలో లెక్కలు చెప్పిన మాస్టారు ఒకరు రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేవారు. వాళ్ళది నలభై ఏళ్ళ స్నేహం. అన్నేళ్ళలోనూ ఒకరినొకరు 'మాస్టారూ' అనే పిలుచుకున్నారు, 'మీరు' అనే మాట్లాడుకున్నారు. జ్వరం తీవ్రంగా ఉన్న ఒక రాత్రి నాన్నగారు కలవరిస్తూ ఆయన్ని పేరు పెట్టి, 'ఒరేయ్' అని పిలిచారు. మాస్టారు లేచి చెయ్యి పట్టుకున్నారు తప్ప ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత జ్వరం దిగాక నాన్నగారు కళ్ళు తెరిచి, 'మాస్టారూ, మీరు కాఫీ తాగారా?' అని ఎప్పటిలాగే అడిగారు.

ఇంటికి తెచ్చాక రాత్రిళ్ళు ఆయన మంచానికి దగ్గరలో మేలుకుని ఉండటానికి, శబ్దం బయటికి రాకుండా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పాత ల్యాప్‌టాప్‌లో ఈ డీవీడీలు మూడోసారి వేశాను. అలా ఒక రాత్రి 'ది డెవిల్స్ ఫుట్' వచ్చింది. ఇది 1988లో ప్రసారమైన భాగం. ఆరోగ్యం చెడిన హోమ్స్‌ను వాట్సన్ కార్న్‌వాల్ సముద్రతీరానికి తీసుకువెళతాడు. అక్కడ ఒక ఇంట్లో రాత్రి పేకాట ఆడుతూ కూర్చున్న ముగ్గురిలో చెల్లెలు కుర్చీలోనే చనిపోయి, అన్నదమ్ములిద్దరూ మతి చలించి తెల్లవారి కనిపిస్తారు. ఏదో పొడి కాలినప్పుడు వచ్చిన పొగే దీనికి కారణమని ఊహించిన హోమ్స్, రుజువు కోసం ఆ పొడిని తామిద్దరూ కూర్చున్న గదిలోనే కాలుస్తాడు. ప్రమాదమని తెలిసీ వాట్సన్ లేచి వెళ్ళడు. పొగ కమ్ముకుంటుంది, హోమ్స్‌ను భయంకరమైన భ్రమలు పట్టుకుంటాయి. వాట్సన్ తనను తాను ఎలాగో కూడదీసుకుని అతన్ని బయటికి ఈడ్చుకు వస్తాడు. ఎప్పుడూ ఇంటిపేరుతో 'వాట్సన్' అనే పిలిచే హోమ్స్ నోట, ఇంకా భ్రమ వదలకముందే, అతని సొంత పేరు ఒక్క కేకగా వస్తుంది: 'జాన్!'

అంతకుముందు రెండుసార్లు చూసినా ఆ కేకను నేను వినలేదు. టీవీ స్పీకర్లలో సంగీతం హోరులో అది కలిసిపోయి ఉంటుంది, లేదా వినవలసిన చెవి నాకు అప్పటికి లేదేమో. ఈసారి చెవుల్లోనే ఎవరో అరిచినట్టు వినిపించింది. ఆపి, వెనక్కి జరిపి, నాలుగైదుసార్లు విన్నాను. పక్కనే నాన్నగారు నిద్రపోతున్నారు.

ఇంగ్లీషులో 'మీరు', 'నువ్వు' అన్న తేడా లేదు, అందువల్ల చనువెంతో, గౌరవమెంతో మొత్తం పిలుపే మోయాలి. ఆ కాలపు పెద్దమనుషులు ప్రాణస్నేహితుణ్ణి కూడా ఇంటిపేరుతోనే పిలుచుకునేవారు. అది దూరం కాదు, ఒక మర్యాద. మా నాన్నగారి 'మాస్టారూ' కూడా అలాంటిదే. ఈ కథను తెలుగు చేయవలసి వస్తే, హోమ్స్ చేత వాట్సన్‌తో ఏకవచనంలో మాట్లాడించాలా బహువచనంలోనా అన్నది మొదటి వాక్యంలోనే తేల్చుకోవాలి. నేనైతే కథంతా 'మీరు' అని రాసి, ఈ ఒక్కచోట 'ఒరేయ్' అని రాస్తాను. కోనన్ డాయిల్ 1910లో ప్రచురించిన మూలకథలో ఈ కేక లేదు. అక్కడ హోమ్స్ తేరుకున్నాక కృతజ్ఞత చెబుతాడు, క్షమాపణ కోరతాడు. అతని హృదయాన్ని ఇంతగా ఎన్నడూ చూడలేదని వాట్సన్ రాసుకుంటాడు. ఆ వాక్యాన్నంతా ధారావాహికలో ఒక్క పేరులో పెట్టారు. నేను చూసినంతలో మిగిలిన 40 భాగాల్లో మరెక్కడా అతను ఆ పేరు పలకలేదు. ఇదే భాగంలో హోమ్స్ తన మత్తుమందు సిరంజిని ఇసుకలో పాతిపెట్టే దృశ్యం ఉంది. దానికి బ్రెట్ కోనన్ డాయిల్ కూతురు డేమ్ జీన్ అనుమతి తీసుకున్నాడు. ఒకప్పుడు ఈ భాగం గురించి ఎవరడిగినా నేను ఆ దృశ్యమే చెప్పేదాన్ని. అది మంచి దృశ్యమే. కానీ ఇప్పుడు ముందుగా గుర్తుకువచ్చేది అది కాదు. ఆ భ్రమల చిత్రీకరణ మాత్రం నేటి కంటికి మొరటుగానే ఉందని ఒప్పుకోవాలి.

ఇంత ఇచ్చిన ధారావాహిక ఒకచోట నాకు తీరని లోటు మిగిల్చింది. 'ది త్రీ గారిడెబ్స్' కథలో వాట్సన్‌కు తుపాకీ గుండు తగిలినప్పుడు హోమ్స్ ఒక్కసారిగా కదిలిపోతాడు, దెబ్బ తగల్లేదని చెప్పమని బతిమాలతాడు. కథలన్నిటిలో ఆ స్నేహం అంత బయటపడే చోటు మరొకటి లేదు. 1994లో ఆ కథను 'ది మజరిన్ స్టోన్'తో కలిపి తీశారు. అప్పటికి బ్రెట్ బాగా జబ్బుపడి ఉండటంతో దర్యాప్తు భారం హోమ్స్ వాళ్ళ అన్నయ్య మైక్రాఫ్ట్‌గా వేసిన చార్లెస్ గ్రే మీద పడింది, హోమ్స్ ఆ భాగంలో దాదాపు కనిపించడు. మరో భాగం 'ది గోల్డెన్ పాన్స్ నే'లో హోమ్స్ ఉన్నాడు కానీ హార్డ్‌విక్ వేరే సినిమాలో ఉండటం వల్ల వాట్సన్ లేడు. చివరి ఆరు భాగాల్లో రెండు ఇలా ఇద్దర్నీ విడదీశాయి. ఇది ఎవరి తప్పూ కాదు. బ్రెట్ గుండెజబ్బుతో, మనోవ్యాధికి వాడే లిథియం ప్రభావంతో ఊపిరి ఆడక బాధపడుతూనే నటించాడు, 1995 సెప్టెంబర్‌లో 61 ఏళ్ళకే పోయాడు. ఆ చివరి భాగాల్లో అతను అలసిపోయినట్టున్నాడని మొదటిసారి చూసినప్పుడు విసుక్కున్నాను. ఆ విసుగును ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. 1993లో వచ్చిన రెండు పెద్ద భాగాలను అనవసరంగా సాగదీశారన్న మాటను మాత్రం తీసుకోలేను.

కథలు చదివినవాళ్ళకు, నెమ్మదిగా సాగే దృశ్యాన్ని ఓర్చుకోగలిగినవాళ్ళకు దీన్ని చూడమని చెబుతాను. నేరస్థుడు ఎవరన్నదే కావలసినవాళ్ళకు ఇది అంతగా పట్టకపోవచ్చు, నాకు కూడా రోగి పక్కన మేలుకున్న రాత్రుల్లో కాకుండా మరోలా చూసి ఉంటే ఇంతగా పట్టేదో లేదో చెప్పలేను. వరుసగా చూడటం మంచిది, ఎందుకంటే అన్ని గంటలు 'వాట్సన్' అన్న పిలుపే వింటూ వచ్చినవాళ్ళకే ఆ కేక పూర్తిగా వినిపిస్తుంది. స్పీకర్లలో కాకుండా ఇయర్‌ఫోన్లతో చూడండి. నాన్నగారు ఇప్పుడు బాగా నడుస్తున్నారు. పోయిన ఆదివారం మాస్టారు వచ్చినప్పుడు ఆ భాగం ఇద్దరికీ వేసి చూపించాను. ఆ కేక దగ్గర ఇద్దరూ ఏమీ అనలేదు. అయిపోయాక నాన్నగారు, 'మాస్టారూ, చీకటి పడుతోంది, వీధి చివరిదాకా వస్తాను పదండి,' అని చెప్పులు వేసుకున్నారు.