కండెమ్‌డ్: క్రిమినల్ ఆరిజిన్స్ – పలుమార్లు పూర్తిచేశాక రాస్తున్న సమీక్ష

కండెమ్‌డ్‌లో ముందు నేర్చుకోవాల్సింది కాచుకోవడం, అంటే ఎదుటివాడి దెబ్బను అడ్డుకోవడం. కొట్టడం దాని వెనకే వస్తుంది. ఈ ఒక్క ముక్క పట్టుబడకపోతే మొదటి గంటలోనే విసుగొస్తుంది, కంట్రోల్స్ మొద్దుగా ఉన్నాయనిపిస్తుంది, గేమ్ పక్కన పెట్టేయాలనిపిస్తుంది. 2005 నవంబరులో ఎక్స్‌బాక్స్ 360 తోపాటే విడుదలై, 2006లో పీసీకి వచ్చిన ఆట ఇది. తయారుచేసింది మోనోలిత్ ప్రొడక్షన్స్, విడుదల చేసింది సెగా. నేను ఆడింది పీసీలో. కీబోర్డుతోనూ గేమ్‌ప్యాడ్‌తోనూ పలుమార్లు చివరిదాకా వెళ్లాక నా అభిప్రాయం ఇది: ఫస్ట్ పర్సన్‌లో, అంటే పాత్ర కళ్లతోనే చూస్తూ, కర్రాకర్రా తగిలే పోరాటాన్ని ఇంత దగ్గరగా, ఇంత భయంగా చేసిన ఆట నాకు మరొకటి తగల్లేదు. నేర పరిశోధన భాగం మీద మాత్రం అంతగా ఆశ పెట్టుకోకండి. అది ఎందుకో కిందకొచ్చాక చెప్తాను.

కథ మొదలు సూటిగా ఉంటుంది. ఈథన్ థామస్ ఎఫ్‌బీఐలో వరుస హత్యల కేసులు చూసే విభాగం మనిషి. మొదటి అధ్యాయంలో ఒక హత్యాస్థలికి వెళ్తాడు. శవం ఎదురుగా బట్టల షాపు బొమ్మ ఒకటి కూర్చోబెట్టి ఉంటుంది. ఆ భవనంలోనే అతని తుపాకీ పోతుంది, అదే తుపాకీతో ఇద్దరు పోలీసులు చనిపోతారు. ఇక అతను తన డిపార్ట్‌మెంట్‌కే చిక్కకుండా తిరుగుతూ అసలు హంతకుణ్ణి పట్టుకోవాలి. ల్యాబ్‌లో పనిచేసే రోసా ఫోన్‌లో సాయం చేస్తూ ఉంటుంది. మొత్తం 10 అధ్యాయాలు, మొదటిసారి ఆడేవాళ్లకు 8 నుంచి 10 గంటలు పడుతుంది.

ఇప్పుడు పోరాటం. బ్లాక్ (కాచుకునే) బటన్ నొక్కి పట్టుకుంటే ఆయుధం అడ్డంగా నిలబడిపోతుందనుకుంటారు. అలా ఉండదు. నొక్కిన క్షణాన ఆయుధం అడ్డం వస్తుంది, అరక్షణంలో దిగిపోతుంది. కాబట్టి ఎదుటివాడి భుజం చూసి నొక్కాలి, చేతిలో ఉన్న కర్రను చూసి కాదు. కర్ర వెనక్కి వెళ్లినప్పుడు నొక్కితే తొందరపడ్డట్టు, మన మొహం మీదికి వచ్చాక నొక్కితే ఆలస్యం. భుజం ముందుకు తిరగడం మొదలైన చోట నొక్కాలి. సరిగ్గా పడితే వాడు వెనక్కి తూలుతాడు, మన దెబ్బకు ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలో ఒక్క దెబ్బే వేయండి. రెండోది వేయబోతే చాలాసార్లు వాడి దెబ్బే ముందు తగులుతుంది.

శత్రువులు దొంగదెబ్బలు కూడా వేస్తారు. కర్ర ఎత్తి, ఊపినట్టు చేసి ఆపేస్తారు. మనం కంగారుగా బ్లాక్ నొక్కేస్తాం, అది దిగిపోగానే అసలు దెబ్బ వేస్తారు. దీనికి మందు ఒకటే. ఒక అడుగు వెనక్కి వేయడం. రెండు అడుగుల దూరంలో ఉంటే దొంగదెబ్బ ఏమీ చేయదు, నిజమైన దెబ్బ గాల్లో పోతుంది, ఆ తూలులో మనం ముందుకెళ్లి కొట్టొచ్చు. కానీ వెనక ఏముందో ముందే చూసుకోవాలి. గోడకో బల్లకో వీపు ఆనితే ఆ అడుగు దొరకదు. గదిలోకి వెళ్లగానే ముందు టార్చ్ తిప్పి వెనక్కి తగ్గే దారి చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఈ ఆటలో టార్చ్‌కి బ్యాటరీ అయిపోవడం ఉండదు, పొదుపు చేయక్కర్లేదు.

బాగా దెబ్బతిన్నవాడు కొన్నిసార్లు మోకాళ్ల మీద పడతాడు. అప్పుడు చంపే తీరు నాలుగు రకాలు: తలతో గుద్దడం, పిడిగుద్దు, మెడ విరవడం, ఎత్తి నేలకేసి కొట్టడం. ఏది ఎంచుకున్నా ఫలితం ఒకటే. వెనక ఇంకొకడు ఉన్నాడనిపిస్తే మాత్రం వాటి జోలికి పోకండి. ఆ కదలిక నడుస్తున్నంతసేపూ మీ చూపు మీ చేతిలో ఉండదు.

ఆయుధాలకు నాలుగు కొలతలు: దెబ్బ బలం, వేగం, కాచుకునే శక్తి, అందే దూరం. చేతిలో ఒకసారికి ఒకటే పడుతుంది. కొత్తవాళ్లు బలం గీత చూసి సమ్మెట పట్టుకుంటారు. ఒక్క దెబ్బకే పడగొడుతుంది నిజమే, కానీ ఎత్తి దించేలోపు ఎదుటివాడు ఒకటి వేసేస్తాడు. మొదటిసారి ఆడేవాళ్లకు నా సలహా మామూలు ఇనుప గొట్టం. నాలుగు కొలతల్లోనూ మధ్యస్థం, చేయి దానికి త్వరగా అలవాటవుతుంది. కాచుకోవడం కుదిరాక మేకులు దిగిన చెక్కకి, కాంక్రీటు ముద్ద అంటుకున్న ఇనుప చువ్వకి వెళ్లండి. స్కూల్లో దొరికే పేపర్ కట్టర్ బ్లేడు వేగం ఇష్టపడేవాళ్లకు బాగా నచ్చుతుంది. లాకర్ తలుపు పట్టుకుంటే కాచుకోవడం తేలిక, కొట్టడం కష్టం. ఈ భాగంలో కర్రలు, గొట్టాలు విరగవు కాబట్టి నచ్చింది ఎంతసేపైనా మోయొచ్చు.

మోయలేని చోటు ఒకటుంది. గొడ్డలి, సమ్మెట, పార, క్రోబార్ ఈ నాలుగూ ఆయుధాలే కాక తాళంచెవుల్లాంటివి కూడా. చెక్క తలుపులు పగలగొట్టాలంటే గొడ్డలి, తాళం బద్దలు కొట్టాలంటే సమ్మెట, కరెంటు వైరు తెంచాలంటే పార, బిగుసుకుపోయిన దాన్ని పెకలించాలంటే క్రోబార్. దారి మూసుకుపోయినట్టు ఉంటే ఆ తలుపు దగ్గర నిలబడి చూడండి, ఏది కావాలో గుర్తు కనిపిస్తుంది. ఆ వస్తువు దగ్గర్లోనే ఎక్కడో ఉంటుంది. ఇష్టమైన గొట్టాన్ని అక్కడ పడేసి ఇది తీసుకోవాలి. వచ్చే గదిలో పోరాటం నెమ్మదైన సమ్మెటతోనే చేయాల్సి వస్తుందన్నమాట. ఆట రూపొందించినవాళ్లు ఇది కావాలనే చేశారు, ఇబ్బందిగా ఉన్నా నాకు నచ్చిన ఏర్పాటు ఇది.

తుపాకులు ఉన్నాయి. దొరికినప్పుడు లోపల ఎన్ని తూటాలుంటే అన్నే, మళ్లీ నింపుకునే పని లేదు. తెర మీద అంకె ఉండదు. ఒక కీ నొక్కితే ఈథన్ మ్యాగజైన్ బయటికి తీసి చూస్తాడు. పీసీలో ఆ కీ ఎక్కడుందో మెనూలో చూసి ముందే చేతికి అందేలా మార్చుకోండి. పిస్టల్‌లో నాలుగో ఐదో ఉంటాయి, షాట్‌గన్‌లో అంతకన్నా తక్కువ. ఒంటరిగా వచ్చేవాడి మీద ఖర్చుచేయొద్దు. ఇద్దరో ముగ్గురో ఒకేసారి మీదికొచ్చినప్పుడు మొదటి ఇద్దరికి వాడండి. ఖాళీ అయ్యాక తిప్పి కొట్టొచ్చు కానీ కొన్ని దెబ్బలకే విరిగిపోతుంది. అసలు తుపాకీ ఎత్తుకున్నప్పుడే గొట్టం కింద వదిలేశాం కదా, ఆ చోటు గుర్తుపెట్టుకోండి. తూటాలు అయ్యాక తిరిగి వెళ్లి తీసుకోవచ్చు.

కరెంటు షాక్ కొట్టే టేజర్ విడిగా ఉంటుంది, చేతిలో ఆయుధంతో పనిలేదు. ఒకసారి వాడాక మళ్లీ ఛార్జ్ అవడానికి కొన్ని క్షణాలు ఆగాలి. దీనితో కొట్టి వెంటనే బాదేయడం అందరూ చేసేదే. అంతకన్నా మంచి వాడకం ఒకటుంది: షాక్ తగిలి గిలగిలలాడుతున్నవాడి దగ్గరికి నడిచి చేతిలోది లాక్కోవడం. షాట్‌గన్ పట్టుకున్నవాడు ఎదురైతే ఇదే పద్ధతి. దూరంగా ఉంటే టేజర్ తగలదు కాబట్టి మూల చాటున నిలబడి వాడు దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టాలి.

శత్రువుల తీరు గురించి ఎంత చెప్పినా తక్కువే. మిమ్మల్ని చూడగానే నేరుగా పరిగెత్తుకొచ్చేవాళ్లు సగమే. మిగతావాళ్లు టార్చ్ వెలుగు పడగానే పక్కకు తప్పుకుంటారు, స్తంభం వెనక్కి వెళ్తారు, అడుగుల చప్పుడు ఆగిపోతుంది. అది ఆగిన చోట వాడున్నాడని అర్థం. ఒక్కోసారి దెబ్బతిన్నవాడు పారిపోయి, గోడకున్న పైపు పీక్కుని తిరిగొస్తాడు. ఇద్దరు ఎదురైతే వాళ్లలో వాళ్లే కొట్టుకోవడం కూడా జరుగుతుంది. మీరు చీకట్లో టార్చ్ ఆపి నిలబడితే పని తేలికవుతుంది. అదే ఏడాది మోనోలిత్ తెచ్చిన ఫియర్ అనే ఆటలో ఉన్న జూపిటర్ ఈఎక్స్ ఇంజినే (ఆటను నడిపే సాఫ్ట్‌వేర్) ఇందులోనూ ఉంది. అక్కడ సైనికుల తెలివి అయితే, ఇక్కడ అది మూల చాటున నక్కి ఊపిరి బిగబట్టే మనిషి తెలివి.

బట్టల షాపు అధ్యాయాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎక్కడ చూసినా బొమ్మలే. కొందరు శత్రువులు వాటి మధ్య కదలకుండా నిలబడి ఉంటారు. ఒక చోట మీరు తల తిప్పి మళ్లీ చూసేసరికి బొమ్మలు మీ చుట్టూ చేరి ఉంటాయి. అవి కదలడం మాత్రం కనపడదు. పెద్ద సంగీతం లేదు, మీదికి దూకే మొహం లేదు, తల తిప్పినప్పుడు వెనక ఏం జరిగిందన్న సందేహమే ఉంటుంది. ఎన్నిసార్లు ఆడినా ఆ గదిలో వెనక్కి నడవాలనిపిస్తుంది.

ఇక పరిశోధన. అతినీలలోహిత కాంతి టార్చ్‌తో మామూలు కంటికి ఆనని రక్తపు మరకలు, చేతి గుర్తులు వెలుగుతాయి. లేజర్ లైటుతో వెంట్రుకలు, దారపు పోగుల్లాంటి సన్నని ఆధారాలు కనిపిస్తాయి. గ్యాస్ స్పెక్ట్రోమీటర్‌తో కుళ్లిన చోటు నుంచి లేచే ఆవిరి కనిపిస్తుంది. దొరికినదాన్ని కెమెరాతోనో, త్రీడీ స్కానర్‌తోనో, నమూనా తీసే పరికరంతోనో పట్టి రోసాకు పంపాలి. వినడానికి ఎంత బాగుందో! కానీ ఎక్కడ ఏ పరికరం వాడాలో ఆటే చెప్పేస్తుంది. తెర మీద గుర్తు వస్తుంది, బటన్ నొక్కితే సరైన పరికరం దానంతట అదే చేతిలోకి వస్తుంది, ఆధారం దొరికేదాకా తిరగడమే మన పని. తప్పు చేసే వీలు లేదు, తప్పు ముడి వేసే వీలు అసలే లేదు. డిటెక్టివ్ ఆట కావాలని కొనేవాళ్లకు ఇది నిరాశే.

అయినా దాన్ని తీసిపారేయను. పరికరం చేతిలో ఉన్నప్పుడు గొట్టం చేతిలో ఉండదు. అతినీలలోహిత కాంతి వెలిగిస్తే మామూలు టార్చ్ ఆరిపోతుంది. చిన్న ఊదా రంగు గుండ్రంలో నేల మీద రక్తపు చారను వెతుక్కుంటూ నడుస్తుంటే చుట్టూ ఉన్న గది మొత్తం చీకటైపోతుంది. బుర్రకు పని లేకపోయినా వీపుకి జంకు పుడుతుంది. 2008లో వచ్చిన రెండో భాగం ఈ లోపాన్ని సరిదిద్దింది. శవం ఎలా పడింది, గాయం ఎటు నుంచి తగిలింది వంటి ప్రశ్నలకు జవాబు మనమే ఎంచుకోవాలి, దానిమీదే రేటింగ్ వస్తుంది. పరిశోధన ముఖ్యమనుకుంటే ఆ భాగం మేలు, కానీ అది పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360 లకే వచ్చింది, పీసీకి రాలేదు.

పీసీలో ఆడేవాళ్లకు తప్పనిసరి విషయం ఒకటి. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నా, మొదట సాఫీగా నడిచి కాసేపటికి ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే చిత్రాలు) పడిపోతుంటే తప్పు కార్డుది కాదు. ఈ ఇంజిన్ డైరెక్ట్‌ఇన్‌పుట్ అనే విండోస్ భాగం ద్వారా మౌస్, కీబోర్డు లాంటి యూఎస్‌బీ పరికరాలతో వ్యవహరించే తీరులో ఉన్న లోపం అది, ఫియర్‌లోనూ ఇదే గోల. గ్రాఫిక్స్ సెట్టింగులు తగ్గించడం వృథా. దీనికోసం అభిమానులు చేసిన డీఇన్‌పుట్8 డీఎల్ఎల్ ఫైలును గేమ్‌ను తెరిచే ఫైలు (ఎక్జిక్యూటబుల్) ఉన్న ఫోల్డర్‌లో పెడితే చాలు. అదనపు మౌస్‌లు, జాయ్‌స్టిక్‌లు ఉంటే తీసేసి చూడటం కూడా పనిచేస్తుంది. పాత ఇంజిన్ కాబట్టి ఫ్రేములను 60 దగ్గర కట్టేసి ఆడటమే మంచిది.

సేవ్ ఆట ముందే నిర్ణయించిన చోట్ల (చెక్‌పాయింట్ల) దగ్గరే అవుతుంది, కావాల్సిన చోట చేసుకునే వీలు లేదు. గోడ మీద మందుల పెట్టె కనిపించగానే వాడేయకండి. ముందు గదులు చూసి, దెబ్బ తిన్నాక వెనక్కి వచ్చి వాడుకోండి. గామా (తెర వెలుతురు సెట్టింగ్) పెంచుకోవద్దు. ట్యూబ్‌లైటు ఆపేసి, తెర మీద కిటికీ వెలుగు పడకుండా చూసుకుంటే అసలు సెట్టింగే సరిపోతుంది. స్పీకర్ల కన్నా హెడ్‌ఫోన్ మేలు. ముందు చెప్పిన అడుగుల చప్పుడు కుడిపక్క ఆగిందా ఎడమపక్క ఆగిందా అనేది దానితోనే తెలుస్తుంది. అది తెలియకపోతే సగం ఆట పోయినట్టే.

చివరి మూడు గంటలు బలహీనం. మనుషుల నేరంగా మొదలైన కథ అతీత శక్తుల వైపు మళ్లుతుంది, పాత యాపిల్ తోట ఇంట్లోకి వచ్చేసరికి వివరణలు తొందరగా అయిపోతాయి. దారిపొడవునా దొరికే చచ్చిన పక్షులు, గోడల నుంచి పీకే లోహపు ముక్కలు ఏరుకుంటూ వెళ్తే ఊళ్లో ఏం జరుగుతోందో కొంత అర్థమవుతుంది. రెండోసారి ఆడేటప్పుడు వాటిని వదలొద్దు. హంతకుణ్ణి కాల్చాలా వద్దా అన్న నిర్ణయం కూడా మన చేతికే వస్తుంది, రెండు దారులూ చూడండి. మొదటిసారి నార్మల్ కష్టస్థాయిలో ఆడి, కాచుకోవడం చేతికి వచ్చాక హార్డ్ పెట్టండి. హార్డ్‌లో తొందరపడి వేసిన రెండో దెబ్బకు క్షమాపణ ఉండదు.