పాత గార్డెన్ ట్రాక్టర్ల వెంట: సౌత్ బెండ్ నుంచి మౌంట్ ప్లెజెంట్ దాకా

పాత గార్డెన్ ట్రాక్టర్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు అమెరికా మిడ్‌వెస్ట్ వైపు ట్రిప్ వేసుకుంటే మ్యూజియంలకి టైమ్ తగ్గించండి, అయోవాలో మౌంట్ ప్లెజెంట్ అనే ఊళ్ళో ఏటా జరిగే పాత యంత్రాల షోకి టైమ్ పెంచండి. పేరున్న చోట్లన్నీ వందల ఎకరాలు దున్నే పెద్ద బండ్లవే. మనం వెతికేవి 7, 8, 10 హార్స్‌పవర్ చిన్న బండ్లు, 1950ల చివర్నుంచి 70ల దాకా అరెకరం ఎకరం పెరడున్న ఇళ్ళ కోసం చేసినవి, వేసవిలో గడ్డి కోసి, కూరగాయల మడికి చిన్న నాగలి లాగి, చలికాలంలో వాకిట్లో మంచు తోసిపెట్టేవి. వీటిని ఇప్పటి లాన్ మూవర్లతో కలిపెయ్యకండి, ఇంజన్ బ్లాకు పోత ఇనుము, గేర్‌బాక్సు పోత ఇనుము, అందుకే ఏళ్ళ తరబడి షెడ్డులో పడి ఉన్నవి కూడా మళ్ళీ లేచి తిరుగుతున్నాయి.

నేనూ మా బావా చికాగోలో కారు అద్దెకి తీసుకుని బయల్దేరాం. బావ గరాజ్‌లో కబ్ క్యాడెట్ అనే బ్రాండు పాత గార్డెన్ ట్రాక్టర్ ఒకటి సగం విప్పేసి ఉంది, కాబట్టి దారి పొడుగునా ఆయన ధ్యాసంతా పార్టుల మీదే. కారు సంగతి ఒకటి చెప్పాలి, చికాగో స్కైవే, ఇండియానా టోల్ రోడ్డు రెండూ డబ్బులు కట్టే రోడ్లు, కారులో ఉన్న టోల్ డబ్బా వాడుకుంటే కంపెనీ వాళ్ళు టోల్‌తో పాటు రోజుకింత అని వేరేగా వేశారు, డబ్బా ముట్టుకోని రోజులకి కూడా. కౌంటర్ దగ్గరే అడిగి కాగితం మీద రాయించుకోండి. వీలైతే పికప్ లేదా వెనక సీట్లు పూర్తిగా మడిచే పెద్ద బండి తీసుకోండి, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ఇండియానాలో సౌత్ బెండ్ అంటే వీల్ హార్స్ గార్డెన్ ట్రాక్టర్ల కంపెనీ పుట్టిన ఊరు. 1946లో ఎల్మర్ పాండ్ ఇంటి గరాజ్‌లో మొదలుపెడితే కొడుకు సెసిల్ పాండ్ దాన్ని పెద్ద కంపెనీ చేశాడు. 1956లో వచ్చిన ఆర్‌జె-25 అనే ఎర్ర బండి కోసం ఇవాళ్టికీ జనం రాష్ట్రాలు దాటి వెళ్తారు. 1974లో కార్ల కంపెనీ అమెరికన్ మోటార్స్ కొనేసింది, 1986లో టోరో చేతికి వెళ్ళింది, తర్వాత ఆ పేరే లేకుండా పోయింది. ఇంత చరిత్ర ఉన్న ఊళ్ళో వీల్ హార్స్‌కంటూ ప్రత్యేకంగా ఒక మ్యూజియం నాకు కనబడలేదు, అది నిజంగా బాధ అనిపించింది. దాని బదులు ఒకప్పటి కార్ల కంపెనీ స్టూడ్‌బేకర్ మ్యూజియం చూడొచ్చు, పక్కనే హిస్టరీ మ్యూజియం, దానికి ఆనుకుని ఒకప్పటి నాగళ్ళ కంపెనీ ఆలివర్ వాళ్ళ 38 గదుల భవంతి ఉంటుంది, రెండూ ఒకే ఆవరణలో కాబట్టి సగం రోజు చాలు. ఈ ఊళ్ళో గుర్తుపెట్టుకోవాల్సింది హోటల్ విషయం. నోటర్ డేమ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న వారాంతం అయితే మామూలు మోటెల్ గది కూడా చుక్కలు చూపిస్తుంది, మ్యాచ్ తేదీలు చూసుకున్నాకే బుక్ చెయ్యండి. ఇంకోటి, సౌత్ బెండ్ గడియారం చికాగో కంటే గంట ముందు, మ్యూజియం మూసే టైముకి చేరాలనుకుంటే ఆ గంట లెక్కలో వేసుకోవాలి.

అక్కడ్నుంచి మళ్ళీ చికాగో మీదుగా పైకి విస్కాన్సిన్. ఈ పాత బండ్లకి అసలైన గడ్డ విస్కాన్సినే అని నేనంటాను. కోలర్ అనే ఊరు ఉంది, కుళాయిలూ సింకులూ చేసే కోలర్ కంపెనీదే, మనవాళ్ళకి ఆ పేరు బాత్‌రూమ్‌లోనే తెలుసు కానీ గార్డెన్ ట్రాక్టర్ల జనానికి కోలర్ అంటే కె సిరీస్ ఇంజన్. కబ్ క్యాడెట్‌లో అదే, జాన్ డీర్ 110లో అదే, వీల్ హార్స్‌లలో చాలావాటిలో కూడా అదే. ఊళ్ళో డిజైన్ సెంటర్ చూడ్డానికి డబ్బులు లేవు, పై అంతస్తులన్నీ స్నానాల గదులూ వంటగదులే, కింద అంతస్తులో కంపెనీ చరిత్ర పెట్టారు. 1873లో మొదలైనప్పుడు వీళ్ళు చేసింది నాగళ్ళూ వ్యవసాయ సామానూ, 1883లో పశువుల తొట్టి ఒకటి తీసుకుని ఎనామిల్ పూత పూసి స్నానాల తొట్టి అని అమ్మారు, మొత్తం వ్యాపారం అక్కడ తిరిగింది. ఇంజన్ల కోసమే వెళ్తే మాత్రం గంటలో అయిపోతుంది. ది అమెరికన్ క్లబ్ అని గొప్ప హోటల్ ఉంది, 1918లో వలస వచ్చిన కార్మికుల వసతి కోసం కట్టింది, ఇప్పుడు ఖరీదైన రిసార్ట్. బయట్నుంచి చూసి, లోపల ఒక కాఫీ తాగి, పక్కనే ఉన్న షెబాయ్‌గన్‌లో పడుకోండి, ఖర్చు బాగా తగ్గుతుంది, పొద్దున్నే మిషిగన్ సరస్సు ఒడ్డున నడవొచ్చు కూడా.

పోర్ట్ వాషింగ్టన్ నాకు బాగా నచ్చిన ఊరు. సరస్సు మీద చిన్న రేవు, కొండ మీద 1860 నాటి లైట్ స్టేషన్. ఇంత చిన్న ఊళ్ళోనే బోలెన్స్, సింప్లిసిటీ అని రెండు గార్డెన్ ట్రాక్టర్ కంపెనీలూ ఉండేవంటే నమ్మబుద్ధి కాదు, ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళవాళ్ళు పోటీ కంపెనీల్లో పనిచేసి సాయంత్రం పెరట్లో ఎవరి బండి వాళ్ళు తోలుకుని ఉంటారని బావ అన్నాడు, నిజమే అయ్యుంటుంది. 1961లో పెద్ద ట్రాక్టర్ల కంపెనీ ఆలిస్ చామర్స్ తన పేరుతో అమ్మిన బి-1 అనే చిన్న బండి కూడా సింప్లిసిటీ వాళ్ళు చేసిచ్చిందే. ఇప్పుడు రెండు ఫ్యాక్టరీలూ లేవు. రేవు దగ్గర పూట గడిపి, హోరికాన్ వెళ్ళిపోవచ్చు, కారులో గంట పైన. జాన్ డీర్ 1963లో మొదటి గార్డెన్ ట్రాక్టర్ 110 చేసింది హోరికాన్‌లోనే, లాన్ ట్రాక్టర్లు ఇప్పటికీ అక్కడే చేస్తున్నారు. ఫ్యాక్టరీ బయట నిలబడి ఫోటో తీసుకోవడం తప్ప ట్రాక్టర్ల పరంగా చూసేదేం లేదు, కానీ పక్కనే హోరికాన్ చిత్తడి నేల ఉంది, 33 వేల ఎకరాల దాకా, శరదృతువులో కెనడా బాతులు ఆకాశం నిండా. ఇంట్లోవాళ్ళు కూడా వస్తుంటే ఈ ఆగడం వాళ్ళ కోసం పెట్టుకోండి.

ఇల్లినాయ్ రాష్ట్రం మోలీన్‌లో జాన్ డీర్ పెవిలియన్ ఉచితం, పిల్లలు పెద్ద కంబైన్ల పైకెక్కి కూర్చోవచ్చు, చాలా శుభ్రంగా ఉంటుంది, మనకి గంట చాలు. అయోవాలోని వాటర్లూలో జాన్ డీర్ వాళ్ళదే ట్రాక్టర్ అండ్ ఇంజన్ మ్యూజియం ఇంకా బాగుంటుంది, 1892లో జాన్ ఫ్రోలిక్ పెట్రోల్‌తో ముందుకీ వెనక్కీ నడిచే ట్రాక్టర్ చేసిన దగ్గర్నుంచి 1918లో డీర్ వాటర్లూలోని ఇంజన్ల కంపెనీని కొనడం దాకా కథ వరసగా చెప్తారు. అయితే మౌంట్ ప్లెజెంట్ నుంచి ఇంకో 130 మైళ్ళు పైకి వెళ్ళాలి. కేవలం గార్డెన్ ట్రాక్టర్ల కోసమైతే నేను వాటర్లూ వదిలేస్తాను, పెద్ద ట్రాక్టర్లు కూడా ఇష్టమైతే తప్పకుండా వెళ్ళండి.

ఇక మౌంట్ ప్లెజెంట్. 1950 నుంచి జరుగుతోంది ఓల్డ్ థ్రెషర్స్ రీయూనియన్, సెప్టెంబర్ మొదటి సోమవారం వచ్చే లేబర్ డేతో ముగిసేలా గురువారం నుంచి సోమవారం దాకా. గేటు దాటగానే ముందు పొగ వాసన, తర్వాత చప్పుడు. పాత హిట్ అండ్ మిస్ ఇంజన్లు ఒకసారి పేలి నాలుగైదు చుట్లు ఊరికే తిరిగి మళ్ళీ పేలుతుంటాయి, వాటికి బెల్ట్ తగిలించి ఐస్‌క్రీమ్ చిలికి అమ్ముతారు, ఆవిరి ఇంజన్లు, నారో గేజ్ రైలు, ట్రాలీ బండ్లు, ఇవన్నీ చూడాల్సినవే కానీ మేం మాత్రం నేరుగా చిన్న బండ్ల వరస దగ్గరికి పోయాం.

అక్కడ ఒక పెద్దాయన మడత కుర్చీ వేసుకుని కోలర్ కె181 ఇంజన్ పాయింట్లు, అంటే తెరుచుకున్నప్పుడు ప్లగ్గుకి నిప్పురవ్వ పుట్టించే చిన్న కాంటాక్టులు, సెట్ చేస్తున్నాడు. ఈ ఇంజన్‌లో ఉన్న మంచితనం ఏంటంటే పాయింట్లు ఫ్లైవీల్ కింద దాక్కుని ఉండవు, బ్లాకు పక్కన చిన్న రేకు మూత కింద బయటే ఉంటాయి, కామ్ నుంచి వచ్చే సన్నటి పుల్ల వాటిని తెరుస్తుంది, కాబట్టి ఫ్లైవీల్ ఊడదీసే పని లేదు. ఆయన ముందు ఫీలర్ గేజ్ అనే సన్నటి కొలత రేకుతో పాయింట్ల మధ్య సందు 0.020 అంగుళం పెట్టుకున్నాడు. తర్వాత రెండు వైర్ల చిన్న బల్బు తగిలించి, చేత్తో ఫ్లైవీల్ని మెల్లిగా తిప్పుతూ, ఫ్లైవీల్ మీద ఉన్న ఎస్ అనే గుర్తు చూసే కన్నంలో సరిగ్గా ఎదురుగా వచ్చిన క్షణంలో బల్బు ఆరాలి అని చూపించాడు. ఆ గుర్తు పిస్టన్ పైకి చేరడానికి 20 డిగ్రీల ముందు. మొదటిసారి కొంచెం లేటుగా ఆరింది, స్క్రూ వదులు చేసి వెంట్రుకవాసి జరిపాడు, మళ్ళీ తిప్పాడు, ఈసారి టక్కున ఆరింది. గేజ్ కంటే ఈ బల్బు పద్ధతే కరెక్ట్, పాయింట్లు అరిగినా టైమింగ్ తప్పదు అన్నాడు. తర్వాత కీ తిప్పితే స్టార్టర్ జెనరేటర్ బెల్ట్ మీదే ఇంజన్ని తిప్పింది, పళ్ళు కరుచుకునే చప్పుడేం లేదు, ఒక్కసారి ఊపిరి తీసుకుని అందుకుంది. అదే డబ్బా ఇంజన్ నడిచాక బ్యాటరీకి చార్జింగ్ కూడా ఇస్తుంది. బావ అయితే ఆయన పక్కనే గడ్డిలో చతికిలబడి కండెన్సర్ గురించి ఒకటే ప్రశ్నలు. ఏ మ్యూజియం గైడూ ఇంత ఓపిగ్గా చెప్పడు, అద్దం వెనక బండికి మూత తీసి చూపించే అవకాశమే ఉండదు కదా.

అక్కడ మాటలన్నీ చివరికి కలల బండి దగ్గరికే చేరతాయి. ఒకాయనకి 1968లో వచ్చిన జాన్ డీర్ 140, హైడ్రోస్టాటిక్ (గేర్లు మార్చే పని లేకుండా నూనె ఒత్తిడితో నడిచేది), హైడ్రాలిక్ లిఫ్ట్, చిన్నప్పుడు పక్కింటి డాక్టర్ దగ్గర చూసి, గడ్డి కోసే రోజు కంచె దగ్గర నిలబడేవాడట, అరవై దాటాక కొన్నాడు. ఇంకొకాయనకి 1965 కబ్ క్యాడెట్ 123, ఆ కంపెనీ మొదటి హైడ్రోస్టాటిక్. అందరూ ఎగబడి చూసేది మాత్రం 1969లో వచ్చిన జాన్ డీర్ ప్యాటియో బండ్లు. ఒళ్ళంతా తెల్లగా, హుడ్డూ సీటూ ఎరుపు, నారింజ, నీలం, పసుపుల్లో ఏదో ఒకటి. అప్పట్లో జనానికి ఆకుపచ్చ కానిది జాన్ డీర్‌లా అనిపించలేదు, పెద్దగా అమ్ముడుపోలేదు, చాలామంది తర్వాత ఆకుపచ్చ పూసేశారు. ఇప్పుడు పాత పచ్చ రంగు గీకుతుంటే కింద నారింజ బయటపడిందని చెప్తూ ఒకావిడ ఫోన్లో ఫోటోలు చూపించింది, ఆ ముఖంలో వెలుగు చూడాలి.

పెయింట్ గురించి రెండు వర్గాలు ఉన్నాయి. కొంతమంది బోల్టు బోల్టూ విప్పి, ఇసుక కొట్టించి, ప్రైమర్ వేసి, కొత్త స్టిక్కర్లతో షోరూమ్ నుంచి తెచ్చినట్టు చేస్తారు. ఇంకొంతమంది ఇంజన్, బ్రేకులు, వైరింగ్ మాత్రం బాగుచేసి, వెలిసిన రంగుని అలాగే ఉంచుతారు. నాకు రెండోదే నచ్చింది, సీటు పక్కన చెయ్యి ఆనీ ఆనీ నిగనిగలాడే ఇనుము కొత్త పెయింట్ వేస్తే పోతుంది. రంగు సగానికి పైగా పోయి తుప్పు తినేస్తుంటే మాత్రం పూయాల్సిందే, ఇనుము బతకాలి ముందు.

కొనేవాళ్ళకి అక్కడి పాతకాపులందరూ ఒకటే చెప్పారు, ఇంజన్ చూసి భయపడకండి. కె సిరీస్‌కి పిస్టన్, రింగులు, గ్యాస్కెట్లు, కార్బురేటర్ కిట్లు ఇప్పటికీ దొరుకుతాయి, సీజ్ అయినా బోరు చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వెయ్యొచ్చు. హుడ్డు, గ్రిల్లు, ఫెండర్లు సరిగ్గా ఉన్నాయా, గేర్‌బాక్సులో నీళ్ళు చేరి గడ్డకట్టి పగిలిందా, అవి చూడాలి.

బస విషయం చాలా ముఖ్యం. మౌంట్ ప్లెజెంట్ చిన్న ఊరు, షో రోజుల్లో గదులు నెలల ముందే అయిపోతాయి. టెంటో, లోపలే పడుకునే ఆర్వీ బండో ఉంటే క్యాంప్ గ్రౌండే అన్నిటికంటే మేలు, ట్రాలీ ఎక్కి లోపలికి రావచ్చు, అసలు కబుర్లన్నీ రాత్రిపూట అక్కడే. మేం ముందు హైవే పక్కన మోటెల్‌లో దిగాం, బుక్ చేసిన రేటు ఒకటి, దిగాక చెప్పిన రేటు ఒకటి, వేడినీళ్ళు కూడా అంతంతమాత్రం, మళ్ళీ అటు వెళ్ళను. తర్వాత పడమరగా 25 మైళ్ళలోపే ఉన్న ఫెయిర్‌ఫీల్డ్‌కి మారాం, మనవాళ్ళకి నేను చెప్పేది అదే. మహర్షి యూనివర్సిటీ ఉన్న ఊరు కాబట్టి శాకాహారం, మన భోజనం రెండూ దొరుకుతాయి, అయోవా మొక్కజొన్న చేల మధ్య పప్పూ అన్నం తిన్నాం. షోలో చర్చివాళ్ళ టెంట్లలో భోజనం చాలా బాగుంటుంది, వడ్డించేవాళ్ళు ఆప్యాయంగా మాట్లాడతారు, కానీ మాంసం ఎక్కువ, శాకాహారులకి మొక్కజొన్న కండె, పై, ఐస్‌క్రీమ్‌తో సరి. అన్ని రోజులకీ కలిపి పాస్ తీసుకోండి, రోజు టికెట్‌తో హడావుడి పడితే ఎవరి దగ్గరా కూర్చోలేం.

బావకి కావాల్సిన హుడ్డు శుక్రవారం మధ్యాహ్నం దొరికింది, ఒక మూల చిన్న సొట్ట తప్ప చక్కగా ఉంది, వెనక సీట్లు మడిచి దుప్పటి చుట్టి పడుకోబెట్టాం. షీట్ మెటల్ ఎప్పుడూ ఇలా కళ్ళారా చూసే కొనాలి, పార్సిల్‌లో తెప్పిస్తే వంగిపోయి వస్తాయి. టైర్లు, బ్యాటరీ, బెల్ట్‌లు ఇంటి దగ్గర కొన్నా ఏం కాదు. పార్టులు పరుచుకుని అమ్మేవాళ్ళు ఆదివారం సాయంత్రం నుంచే సర్దేయడం మొదలుపెట్టారు, మంచి సరుకు కావాలంటే గురువారం గేటు తెరిచేటప్పటికే అక్కడుండండి.