జాంగో అడ్మిన్‌లో కొత్త ఎంట్రీకి, ఎడిట్‌కి ఒకే ఫారం చాలా? రెండు పెట్టాలా?

పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో మోడల్‌ని (డేటాబేస్ పట్టికకు రూపమిచ్చే క్లాసు) అడ్మిన్‌లో (రికార్డులు చూసుకునే రెడీమేడ్ పేజీలు) రిజిస్టర్ చేస్తే చాలు, ఎంట్రీ ఫారం దానంతటదే వచ్చేస్తుంది. చిక్కల్లా కొత్త రికార్డు చేర్చడానికీ, పాతది దిద్దడానికీ అదే ఫారం రావడం. ధాన్యం కొనుగోలు రికార్డే తీసుకోండి. కొత్తగా రాసేటప్పుడు రైతు పేరు, క్వింటాళ్లు, రేటు కావాలి. సేవ్ అయ్యాక రేటు జోలికి ఎవరూ వెళ్లకూడదు. చెల్లింపు వివరాలు మాత్రం అప్పుడే కనిపించాలి.

నా ఓటు ముందుగా అడ్మిన్ క్లాసులోని మెథడ్స్‌కే. గెట్_ఫీల్డ్‌సెట్స్ (ఏ ఫీల్డులు చూపాలో చెప్పేది), గెట్_రీడ్ఓన్లీ_ఫీల్డ్స్ (ఏవి మార్చకూడదో చెప్పేది) రెండింటికీ రికార్డు ఆబ్జెక్ట్ అందుతుంది. కొత్త ఎంట్రీ అయితే దాని విలువ నన్ (None), అంటే ఏమీ లేనట్టు. ఒక్క ఇఫ్‌తో పని అయిపోతుంది. పైగా రీడ్ఓన్లీ అని చెప్పిన ఫీల్డును జాంగో అసలు ఫారంలోంచే తీసేస్తుంది. ఎవరైనా అతితెలివితో బ్రౌజర్‌లోంచి రేటు మార్చి పంపినా దాన్ని పట్టించుకోదు.

ఇన్‌లైన్‌లో, అంటే ఒక రికార్డు పేజీలోనే కింద వరుసలుగా వచ్చే అనుబంధ రికార్డుల్లో, మాత్రం ఈ పద్ధతి తిరగబడుతుంది. అక్కడ అందేది ఆ వరుస కాదు, పైనున్న పేరెంట్ రికార్డు. పాత కొనుగోలు తెరిచి కింద కొత్త చెల్లింపు వరుస చేర్చబోతే, అదీ రీడ్ఓన్లీగానే వస్తుంది, టైప్ చేయడానికి పెట్టె ఉండదు. ఇలాంటి చోట ఇన్‌లైన్‌లో హ్యాజ్_చేంజ్_పర్మిషన్ నుంచి ఫాల్స్ పంపడం మేలు: పాత వరుసలు చూడ్డానికే ఉంటాయి, కొత్తవి రాసుకోవచ్చు.

రెండో దారి సొంత మోడల్‌ఫారం, అంటే మోడల్ నుంచి తయారయ్యే ఫారం క్లాసుని మీరే రాసుకోవడం. చెకింగ్ నియమాలు మారాలంటే ఇదే సరైనది. కానీ చాలామంది ఫీల్డులు దాచడానికి కూడా దీని ఇనిట్‌లోనే (ఫారం తయారయ్యేటప్పుడు నడిచే మెథడ్) తంటాలు పడతారు. చూసే అనుమతి మాత్రమే ఉన్న ఉద్యోగి పేజీ తెరిస్తే ఫారంలో ఆ ఫీల్డే ఉండదు, లేనిదాన్ని వెతికినందుకు కీఎర్రర్ వచ్చి పడుతుంది. కొత్తదా పాతదా అని పీకేని (ప్రైమరీ కీ, రికార్డు గుర్తింపు) చూసి తేల్చుకోవడమూ ప్రమాదమే. పీకే యూయూఐడీ (పొడవాటి ప్రత్యేక ఐడీ) అయి, దానికి డిఫాల్ట్ ఇచ్చి ఉంటే, సేవ్ చేయకముందే అది నిండిపోయి ఉంటుంది. రికార్డు ఇంకా సేవ్ కాలేదా అని చెప్పే _స్టేట్.యాడింగ్ చూడండి, టెన్షన్ ఉండదు.

టెంప్లేట్ మార్చడం చివరి మాట. ఒక బటనో, సూచనో చేర్చాలంటే చేంజ్_ఫారం టెంప్లేట్‌ని ఎక్స్‌టెండ్ చేసి ఒక బ్లాకు నింపితే సరిపోతుంది. ఫైలంతా కాపీ చేసుకుంటే వెర్షన్ మారినప్పుడల్లా కూర్చుని సరిచూసుకోవాలి. జావాస్క్రిప్ట్‌తో ఫీల్డు దాచి, భద్రంగా ఉందనుకోవడం ఉత్త భ్రమ. పోస్ట్‌లో (బ్రౌజర్ ఫారం పంపే అభ్యర్థనలో) వచ్చిన విలువను సర్వర్ మామూలుగానే తీసుకుంటుంది.

మరి నిజంగా రెండు ఫారంలు ఎప్పుడు? యూజర్ల కోసం జాంగోలోనే ఉన్న యూజర్‌అడ్మిన్ అలాగే నడుస్తుంది. కొత్త యూజర్‌కి ముందు పేరు, పాస్‌వర్డ్ లాంటి అత్యవసరమైనవే అడిగి, సేవ్ కాగానే పూర్తి ఎడిట్ పేజీకి పంపుతుంది. దాని కోసం యాడ్_ఫారం, యాడ్_ఫీల్డ్‌సెట్స్ వేరుగా పెట్టుకుంది. ఇవి మామూలు మోడల్‌అడ్మిన్‌లో ఉండవు, మీ మోడల్‌కి కావాలంటే గెట్_ఫారం, గెట్_ఫీల్డ్‌సెట్స్‌లలో మీరే రాసుకోవాలి. రెండు జాబితాలంటే రెండు చోట్లా గుర్తుంచుకోవాలి కూడా. కస్టమ్ యూజర్‌కి ఫోన్ నంబర్‌ని యునీక్ క్యార్‌ఫీల్డ్‌గా (ఒకే విలువ రెండుసార్లు రాకూడని అక్షరాల ఫీల్డుగా) చేర్చి, ఫీల్డ్‌సెట్స్‌లో మాత్రమే రాశారనుకోండి. మొదటి యూజర్ ఖాళీ నంబరుతో సేవ్ అయిపోతాడు. నంబరు అలాగే వదిలేసి రెండో యూజర్‌ని చేర్చబోతే, ఖాళీ విలువ రెండోసారి వచ్చిందని డేటాబేస్ ఒప్పుకోదు, ఇంటిగ్రిటీఎర్రర్!

అందుకే రేటుకి తాళం వేయడం, చెల్లింపు చూపించడం లాంటి తేడాలకి రెండు ఫారంలు దండగ. పాస్‌వర్డ్‌లా, సృష్టించేటప్పుడు అడిగేది ఎడిట్‌లో అసలు అడగనిదైతేనే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది.