సెకుకినుమాబ్ ఇంజెక్షన్: పొట్టు తొందరగా పోయింది, ఎరుపు మాత్రం తీరిగ్గా

చర్మం మీద ఎర్రటి మచ్చలు లేచి పొట్టు రాలే సోరియాసిస్‌కి సెకుకినుమాబ్ ఏళ్ల తరబడి వాడుతున్నాను. పనిచేస్తుంది, అందులో అనుమానమేం లేదు. కాకపోతే ఏది ముందు తగ్గుతుందో, ఏది ఆలస్యంగా తగ్గుతుందో తెలియకపోతే మధ్యలో ఊరికే టెన్షన్ పడతారు.

ముందు పోయేది పొట్టు. అడుగున పుట్టిన చర్మకణం పైకొచ్చి రాలిపోవడానికి మామూలుగా నెల దాకా పడితే, సోరియాసిస్‌లో కొద్ది రోజుల్లోనే అయిపోతుంది. ఐఎల్-23 అనే సంకేత ప్రొటీన్ ఉసిగొల్పితే టి-కణాలు (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు) వదిలే ఐఎల్-17ఏ అనే ఇంకో ప్రొటీన్ ఈ తొందరకి పెద్ద కారణం, ఈ మందు సరిగ్గా దాన్నే పట్టి ఆపుతుంది. మొదట్లో వారానికోసారి 300 మిల్లీగ్రాములు, తర్వాత నెలకోసారి. కొన్ని వారాలకే మోచేతుల మీద మందం తగ్గింది, చొక్కా విప్పినప్పుడల్లా రాలే పొట్టు ఆగిపోయింది.

ఎరుపు మాత్రం కదిలితే ఒట్టు! చేత్తో తడిమితే నున్నగా ఉంటుంది, చూస్తే అదే మచ్చ. దానికి కారణం రక్తనాళాలు. సోరియాసిస్‌లో చర్మకణాలు వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ని ఎక్కువగా వదులుతాయి, దాంతో పైపొర కిందే సన్నటి నాళాలు సాగి, మెలికలు తిరిగి, ఉబ్బిపోతాయి. పొట్టు గిల్లితే సూదిమొనంత రక్తపు చుక్కలు పైకొచ్చేది అందుకే, డాక్టర్లు దీన్ని ఆస్పిట్జ్ గుర్తు అంటారు (చూద్దామని గిల్లకండి, గాయమైన చోట కొత్త మచ్చ లేవచ్చు). ఆ నాళాలు మళ్లీ మామూలు కావడానికి టైమ్ పడుతుంది, నాకైతే కాళ్ల మీద మరీ ఆలస్యమైంది. కాబట్టి మొదట్లో రంగు చూసి నీరుగారిపోకుండా మందం ఎంత తగ్గిందో చూసుకోండి.

ఇబ్బందులూ ఉన్నాయి. నాకు రెండుసార్లు నోట్లో తెల్లపూత వచ్చింది, ఫంగస్‌ని అదుపులో పెట్టేది కూడా ఐఎల్-17 కాబట్టి అది ఊహించదగ్గదే, ఫంగస్ మందు వేస్తే పోయింది. మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి, పేగుల్లో వాపు జబ్బు ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఇంజెక్షన్ పెన్ను చల్లదనం పోయేదాకా బయట ఉంచితే నొప్పి తక్కువ.

ఒకసారి జ్వరం వల్ల డోసు బాగా వెనక్కి జరిగితే మచ్చ మళ్లీ సరిగ్గా పాత చోటే లేచింది. పాత జబ్బుని గుర్తుపెట్టుకుని చర్మంలో పాతుకుపోయిన జ్ఞాపక టి-కణాలు ఎక్కడికీ పోవు మరి, మందు వాటిని పీకెయ్యదు, నోరు నొక్కుతుంది అంతే. ఇక గోళ్ల మీద గుంటలంటారా, గోరు మొదలు నుంచి కొత్తగా పెరిగి రావాలి కాబట్టి అన్నిటికన్నా ఆఖరున పోయేవి అవే, నా బొటనవేలికి ఇంకా ఉన్నాయి.