మ్యాట్ టాప్‌కోట్ అని నమ్మించి కార్ స్ప్రే అంటగట్టాడు, జాగ్రత్త

చేతికి ఇంకా ఆ థిన్నర్ కంపు వదల్లేదు. కోపంలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

అమ్మినవాడి పేరు రాయను. గుండమ్ కిట్లు, అంటే ముక్కలు బిగించి చేసుకునే ప్లాస్టిక్ రోబో బొమ్మలు, కొనేవాళ్లకి ఈపాటికి అర్థమై ఉంటుంది. ఫొటో పెడతాడు, మెసేజ్‌లో బేరం, యూపీఐలో డబ్బు. బిల్లు అడిగితే "మనలో మనకి బిల్లేంటి తమ్ముడూ" అంటాడు. ఆ మాట దగ్గరే లేచి దండం పెట్టాల్సింది. నేను నవ్వి ఊరుకున్నా.

నాది మొదటి కిట్. బండాయ్ కంపెనీ హెచ్‌జీ రకం, 1/144 సైజు, ఆర్ఎక్స్-78-2 అనే రోబో. నిలబెడితే జానెడు కూడా ఉండదు. బిగించడం రెండు సాయంత్రాల్లో అయిపోయింది, ఇంతేనా అనుకున్నా. అసలు పని ఆ తర్వాతే ఉందని ఎవరూ చెప్పలేదు. ఫ్రేము నుంచి ముక్కల్ని నిప్పర్‌తో (చిన్న కటింగ్ ప్లయర్) కత్తిరించిన చోటల్లా తెల్ల మచ్చ. దాన్ని 400 నంబర్ గరుకు కాగితంతో రుద్ది, 800తో రుద్ది, 1000తో నునుపు చేయాలి. తెల్ల భాగాల గీతల్లో గ్రే మార్కర్, ఎర్రవాటిలో నలుపు. తర్వాత వాటర్ డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే పల్చటి స్టిక్కర్లు, విడిగా తెప్పించినవి. గోరువెచ్చని నీళ్లలో ఓ 20 సెకన్లు ఉంచి, కాగితం మీద నుంచి జారుతుందనగా ట్వీజర్‌తో పట్టుకుని, దూదిపుల్లతో నీళ్లు అద్దేయాలి. భుజం మీది అక్షరాలైతే బియ్యపు గింజలో సగం. ఊపిరి బిగబట్టి అంటించా. మూడు ఆదివారాలు పోయాయి. ఇంట్లో వాళ్లు "ఈ వయసులో బొమ్మలేంట్రా" అంటే కూడా పట్టించుకోలేదు.

మిగిలింది మ్యాట్ టాప్‌కోట్ ఒక్కటే, అంటే చివర్లో పైన కొట్టే మెరుపులేని పారదర్శక పూత. అది పడితే ఆ ప్లాస్టిక్ మెరుపు పోతుంది, రుద్దిన గీతలు కలిసిపోతాయి, డెకాల్స్ ఊడిపోకుండా ఉంటాయి. మిస్టర్ హాబీ అనే బ్రాండ్ వాళ్ల నీటి ఆధారిత ఫ్లాట్ (మ్యాట్‌నే అలా అంటారు) కావాలని అడిగా, ఆ 88 మిల్లీలీటర్ల చిన్న డబ్బా. నేను గుడ్డిగా కొనలేదండీ, అడిగే కొన్నా. "అన్నా, ఇది నీళ్లదే కదా? డెకాల్స్ మీద కొట్టొచ్చా?" అని. "కళ్లు మూసుకుని కొట్టెయ్" అని జవాబు, పక్కన రెండు దండాల బొమ్మలు. 950 రూపాయలు, పైన 150 ఎయిర్ ఛార్జీ. తొమ్మిది రోజులకి వచ్చింది. మండే స్ప్రే డబ్బాలని మామూలు కొరియర్లు విమానం ఎక్కించవని తర్వాత తెలిసింది. మరి ఆ 150 ఎవరు ఎగరేసుకుపోయినట్టు?

డబ్బా చేతిలోకి రాగానే పెద్దగా అనిపించింది. ‘కొత్త ప్యాకింగ్ కాబోలు’ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. చూడండి నా తెలివి.

ఈ ఉదయం ఎండ బాగా కాసింది. గాల్లో తేమ ఉంటే మ్యాట్ తెల్లగా పొగచూరినట్టు అయిపోతుందని చదివి, వానలు తగ్గేదాకా ఆగా మరి. డబ్బా బాగా ఊపి, పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి ఒక్క చుట్టు పల్చగా కొట్టా. ఆరేదాకా చూద్దామని కూర్చున్నా. రెండు నిమిషాలకి భుజం మీది డెకాల్ కదిలింది. కాగిన పాల మీద మీగడ ముడుచుకుంటుందే, అచ్చం అలా ముడుచుకుంది. కంగారులో ఛాతీ మీద వేలు పెట్టా. నా వేలిముద్ర ప్లాస్టిక్‌లోనే దిగిపోయింది. రంగులో కాదు, ప్లాస్టిక్‌లో. పైగా మ్యాట్ కాదు కదా, ఫ్లడ్ లైట్ల కింద పెళ్లికొడుకు నుదురులా ధగధగా మెరుస్తోంది!

అప్పుడు చూశా, డబ్బా మీది లేబుల్ మూల కాస్త లేచి ఉంది. గోరుతో లాగితే మొత్తం ఊడొచ్చింది. కింద ఇంకో డబ్బా. దాని మీద ఎర్ర కారు బొమ్మ, క్లియర్ గ్లాసీ లాకర్ (థిన్నర్‌తో కలిపిన మెరిసే వార్నిష్) అని పెద్ద అక్షరాలు, ప్లాస్టిక్ మీద ముందు పరీక్షించి వాడండి అని చిన్న అక్షరాలు. కార్ షాపులో దొరికే సరుకు. లాకర్ అయినంత మాత్రాన చెడ్డదని కాదు, మోడల్స్ కోసం చేసే లాకర్ మ్యాట్ కూడా ఉంది, చాలామంది వాడతారు. కానీ కార్ రేకుల కోసం కలిపిన ఘాటు థిన్నర్ ఈ కిట్ ప్లాస్టిక్‌ని, పాలీస్టైరీన్‌ని, తినేస్తుంది.

ఫోన్ చేశా. నాలుగోసారికి ఎత్తాడు. విని, కులాసాగా నవ్వి, "ఫస్ట్ కిట్టే కదా తమ్ముడూ, ఫస్ట్ కిట్ అందరిదీ పాడవుతుంది. నేర్చుకున్న ఫీజు అనుకో" అన్నాడు. నా స్ప్రే పట్టుకోవడంలోనే ఏదో తేడా ఉందట. సరే అని ఊడిన లేబుల్, కింద కారు బొమ్మ, రెండూ ఫొటో తీసి పంపా. నీలం టిక్కులు పడ్డాయి. ఐదు నిమిషాలు టైపింగ్, టైపింగ్. క్షమించమంటాడేమో అనుకున్నా, నిజంగా. వచ్చిన మెసేజ్ ఇది: "లేబుల్ నువ్వే పీకేశావ్ కదా. లేబుల్ లేని సరుకు రిటర్న్ తీసుకోము."

అంతే, బ్లాక్. డబ్బు పోతే పోయింది. నా మూడు ఆదివారాలని పాడుచేసి, పైగా తప్పు నాదే అన్నట్టు ఆ నవ్వేంటండీ? సాయంత్రం నుంచి అదే చెవిలో మోగుతోంది.

నా బుద్ధి గడ్డి తింది, ఒప్పుకుంటా. భాగాలన్నీ కత్తిరించాక మిగిలిన రన్నర్ ఫ్రేములు కట్టలు కట్టలుగా పక్కనే ఉన్నాయి. వాటి మీద ఒక్కసారి పిచికారీ చేసి ఉంటే విషయం తెలిసిపోయేది. చేతులు కాలాక ఆకులు.

మీరైనా బిల్లు ఇవ్వనివాడి దగ్గర కొనకండి. డబ్బా ఎన్ని మిల్లీలీటర్లో చూసుకోండి, లేబుల్ అంచు గోరుతో గీకి చూడండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. రన్నర్ మీద కొట్టి చూడనిదే బొమ్మ జోలికి వెళ్లకండి. నేను రేపు పొద్దున వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా. బిల్లు లేకుండా వాళ్లేం చేస్తారో చూడాలి, యూపీఐ స్క్రీన్‌షాట్, చాట్ అయితే ఉన్నాయి.

రోబో చేతి డాలు ఒక్కటి దక్కింది. రెండో విడతలో కొడదామని పక్కన పెట్టా. టీవీ పక్కన నిలబెట్టా దాన్ని, వెనక బొమ్మ లేకుండా.