డిఫైయంట్ విమానం: సొంతంగా కట్టుకుని పదేళ్లకు పైగా నడిపాక

రెండు ఇంజన్ల విమానంలో ఒక ఇంజను ఆగిపోతే పైలట్ కంగారుగా చేయాల్సిన పని ఏదీ ఉండకూడదు. అమెరికా విమాన రూపకర్త బర్ట్ రుటాన్ డిఫైయంట్‌ను ఈ ఒక్క పట్టుదలతో గీశాడు. దీన్ని పదేళ్లకు పైగా నడుపుతున్నాను, అంతకు ముందు చాలా ఏళ్లు కట్టాను. ఆ ఒక్క విషయంలో విమానం మాట తప్పలేదు. అందుకు చెల్లించాల్సిన వెల మాత్రం చిన్నది కాదు. అమెరికాలో ఉంటూ సొంత విమానం కట్టుకోవాలని చూస్తున్న తెలుగువాళ్లు కొందరు ఈ మధ్య నన్ను వివరాలు అడిగారు. వాళ్ల కోసం, అలాంటి ఆలోచన ఉన్న ఇంకెవరి కోసమైనా ఇది రాస్తున్నాను.

మామూలు జంట ఇంజన్ల విమానంలో ఇంజన్లు రెక్కల మీద చెరో పక్క ఉంటాయి. ఒకటి ఆగితే రెండోది విమానాన్ని ఆగిన వైపుకు తిప్పేస్తుంది. పైలట్ వెంటనే చుక్కాని పెడల్‌ను గట్టిగా తొక్కాలి, ఆగింది ఏదో పోల్చుకోవాలి, దాని ప్రొపెల్లర్ గాలికి అడ్డుపడకుండా ఆకులను తిప్పాలి. వేగం ఒక హద్దు దిగువకు పడితే చుక్కాని చాలదు, విమానం పక్కకు తిరగబడుతుంది. టేకాఫ్ అయిన కొన్ని క్షణాల్లో, భూమి ఇంకా దగ్గరగా ఉన్నప్పుడు ఇన్ని పనులూ వరుస తప్పకుండా జరగాలి. ఎంతోమంది అనుభవజ్ఞుల ప్రాణాలు పోయింది అక్కడే. డిఫైయంట్‌లో ఒక ఇంజను ముక్కు మీద, రెండోది వెనుక కొసన, ఒకే గీత మీద ఉంటాయి. ఏది ఆగినా విమానం పక్కకు తిరగదు. ప్రొపెల్లర్ల కోణం మార్చే మీటలు లేవు, దిగేటప్పుడు రెక్కల వెనుక దించే ఫ్లాప్‌లు లేవు. 160 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజన్లు రెండింటితో మొదటి నమూనా 1978 జూన్ 30న ఎగిరింది. ఇంట్లో కట్టుకునేవాళ్ల కోసం ఆ తరువాత ప్లాన్లు అమ్మారు. 1985లో రుటాన్ సంస్థ ప్లాన్ల అమ్మకమే మానేసింది.

కాబట్టి ఈ రోజు డిఫైయంట్ కట్టాలంటే ఎవరో మొదలుపెట్టి వదిలేసిన దాన్ని వెతుక్కోవాలి. నాకు దొరికింది అలాంటిదే: సగం కట్టిన మధ్యభాగం, పెట్టెలో ప్లాన్లు, పాత యజమాని రాసుకున్న నోటుపుస్తకాలు, ఫోటోలు. ఆ పుస్తకాలు నాకు బంగారంతో సమానం అయ్యాయి. అమెరికా నిబంధనల ప్రకారం ఇలాంటి విమానంలో సగానికి మించిన పని ఔత్సాహికులు తమ ఆసక్తి కొద్దీ, నేర్చుకోవడం కోసం చేసినదై ఉండాలి. చేతులు మారిన ప్రాజెక్టులో దీన్ని రుజువు చేసేది ఆ రాతలూ ఫోటోలే. అవి లేని ప్రాజెక్టు ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు.

రెక్కలన్నీ నేనే చేశాను. ఈ పద్ధతిలో అచ్చులు ఉండవు. నీలిరంగు పాలీస్టైరీన్ ఫోమ్ దిమ్మెకు రెండు చివర్లా రెక్క అడ్డకోత ఆకారంలో పలకలు కొడతాం. వాటి అంచులను ఆనుకుని వేడి తీగ నడుస్తుంది. ఒక చివర నేను, రెండో చివర మా ఆవిడ. పలకల అంచు మీద అంకెలు రాసి ఉంటాయి. తను ఒక్కో అంకె పైకి చదువుతుంటే ఇద్దరి చేతులూ ఒకేసారి ఆ గుర్తు దగ్గరికి చేరాలి. ఒక చివర వెనుకబడితే తీగ మెలిక తిరిగి ఫోమ్‌లో గాడి పడుతుంది. రెక్క ముందంచు గుండ్రం దగ్గర ఇంకా నెమ్మదిగా వెళ్లాలి, ఎందుకంటే తీగ మధ్యభాగం ఎప్పుడూ కొంచెం వెనుకబడే ఉంటుంది. పాలీయురెథేన్ ఫోమ్‌ను మాత్రం ఎప్పుడూ వేడి తీగతో కోయకూడదు, విషవాయువులు వస్తాయి. దాన్ని కత్తితో, గరుకు కాగితంతోనే మలచాలి.

తరువాతి పని గాజు బట్టతో. ముందుగా ఎపాక్సీ అనే జిగురులో సన్నని గాజు బుడగల పొడి కలిపి ఫోమ్ మీద పూస్తాం. రంధ్రాలు పూడిపోతాయి, అసలు జిగురు లోపలికి ఇంకిపోదు. దాని మీద పోగులన్నీ ఒకే దిశలో ఉండే బట్టను ఏటవాలుగా, ఒక పొర మీద ఇంకో పొర అడ్డంగా వచ్చేలా పరుస్తాం. ఎపాక్సీ పోసి రబ్బరు పలకతో నెట్టుకుంటూ పోతే తెల్లటి బట్ట పారదర్శకంగా మారి కింద ఫోమ్ నీలం రంగు పైకి తేలుతుంది. తెల్లగా మిగిలిన ప్రతి చుక్కా లోపల చిక్కుకున్న గాలి. కురచ వెంట్రుకల బ్రష్‌తో నిలువుగా పొడుస్తూ దాన్ని బయటికి పంపాలి. అలాగని ఎపాక్సీ ఎక్కువ పోసి సరిపెట్టుకోవడం కుదరదు. మిగులు జిగురు బలం ఇవ్వదు, బరువు మాత్రం పెంచుతుంది. అందుకే చివర్లో పలకతో గీకి అదనపు జిగురు తీసేయడం పరచడం కన్నా ముఖ్యమైన పని. కొన్ని గంటల తరువాత అంచులు తోలులా మెత్తబడి ఉన్న సమయంలో పదునైన కత్తి పెడితే గీత గీసినట్టు తెగుతాయి. ఆ సమయం దాటితే రంపం తీసుకోవాల్సిందే.

నేను వాడిన ఎంజీఎస్ 285 ఎపాక్సీలో 100 భాగాలకు 40 భాగాల గట్టిపరిచే ద్రవం కలపాలి, అదీ బరువు లెక్కన. ఎలక్ట్రానిక్ తూకం మీద తప్ప కంటి అంచనాతో ఒక్క కప్పు కూడా కలపకూడదు. పాలియెస్టర్ జిగురు చవక, కానీ అందులోని స్టైరీన్ ఈ నీలి ఫోమ్‌ను కరిగించేస్తుంది. పెట్రోలు కూడా అంతే. అందుకే ఇంధన ట్యాంకులున్న భాగాల్లో ఆ ఫోమ్ వాడరు. చర్మం సంగతి కూడా గట్టిగా చెబుతున్నాను: ఎపాక్సీ అలర్జీ ఒకసారి వచ్చిందంటే జీవితాంతం ఉంటుంది. ఈ పని మొదలుపెట్టి అలర్జీ వల్ల మానేసినవాళ్లు నాకు తెలుసు. ప్రతిసారీ కొత్త చేతి తొడుగులు, ఒళ్లంతా కప్పే బట్టలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

కట్టే కాలంలో ఎక్కువ భాగం ఏం చేశానంటే, అరగదీశాను. గాజు పనికి పట్టిన కాలం కన్నా ఉపరితలం నునుపు చేయడానికి పట్టిన కాలం ఎక్కువ. ఈ మాట ముందే ఎవరైనా చెప్పినా నమ్మడం కష్టం, కానీ కుటుంబంతో మాట్లాడుకునేటప్పుడు లెక్కలో వేసుకోవాలి. సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం ఈఏఏ తరఫున స్వచ్ఛందంగా వచ్చి పని చూసి వెళ్లే సాంకేతిక సలహాదారులు ఉంటారు. ఒక దశ మూసేసే ముందు వాళ్లను తప్పక పిలవండి. లోపల కేబుళ్లు, బ్రాకెట్లు మూతపడ్డాక ఎవరూ ఏమీ చూడలేరు.

ఇక గాలిలో. పరీక్షా కాలంలోనే, చాలా ఎత్తులో, కింద రన్‌వే పెట్టుకుని వెనుక ఇంజనుకు ఇంధనం ఆపేశాను. వీపు వెనుక హోరు సన్నగిల్లింది, వేగం తగ్గింది, పైకి ఎక్కే శక్తి బాగా పడిపోయింది. పెడల్స్ మీద పాదాలు ఉన్నచోటే ఉన్నాయి, ముక్కు పక్కకు వేలెడైనా జరగలేదు. ముందు ఇంజనుతోనూ అదే చేశాను, ఫలితం అదే. అప్పటి నుంచి ఏటా ఈ అభ్యాసం చేస్తూనే ఉన్నాను. ఇలాంటి విమానంలో మాత్రమే పరీక్ష ఇచ్చి జంట ఇంజన్ల అర్హత తెచ్చుకుంటే, అమెరికా లైసెన్సు మీద ఒకే గీతలో ఇంజన్లున్న విమానాలకే పరిమితం అని రాస్తారు. నేను మామూలు జంట ఇంజన్ల విమానంలో పరీక్ష ఇచ్చాను. ఆ తేడా శరీరానికి తెలియడం కోసమైనా అలా చేయడం మంచిది.

ఇదే ఏర్పాటులో ప్రమాదం ఇంకో రూపంలో దాగి ఉంది. విమానం పక్కకు తిరగదు కాబట్టి ఇంజను ఆగిన సంగతి తెలియకుండా పోవచ్చు. వెనుక ఇంజను కంటికి కనిపించదు. ఇలాగే ముందూ వెనుకా ఇంజన్లున్న సెస్నా స్కైమాస్టర్ విమానాల్లో వెనుక ఇంజను ఆగిపోయిందని గమనించకుండా టేకాఫ్‌కు ప్రయత్నించి కూలినవాళ్లు ఉన్నారు. అందుకే స్కైమాస్టర్ పైలట్లకు నేర్పే పద్ధతినే నేనూ పాటిస్తాను: రన్‌వే మీద ముందుగా వెనుక థ్రాటిల్ తెరిచి, ఆ ఇంజను తిరిగే వేగం, ఇంధన ప్రవాహం మీటర్లలో చూసి, ఆ తరువాతే ముందుది. దీన్ని ఏ రోజూ తొందరపడి దాటేయకూడదు. రెండు ఇంజన్లు ఉన్నాయంటే ఏదో ఒకటి ఆగే అవకాశం రెట్టింపు అయిందని కూడా అర్థం.

వేడి నా పెద్ద ఫిర్యాదు. నేను ఉండేది టెక్సాస్‌లో. ముందు ఇంజనుకు ప్రొపెల్లర్ గాలి తిన్నగా తగులుతుంది. వెనుకదాని ప్రొపెల్లర్ ఇంజను వెనుక ఉంటుంది కాబట్టి నేల మీద దానికి ఆ సాయం లేదు. ఆగస్టు మధ్యాహ్నం టేకాఫ్ కోసం విమానాల వరుసలో నిలబడితే సిలిండర్ల వేడి పెరుగుతూనే ఉంటుంది. గాలి దారులను, చుట్టూ ఉండే రేకు అడ్డాలను ఎన్నిసార్లో మార్చాక ఇప్పుడు ఫరవాలేదనిపిస్తోంది. అయినా ఎండాకాలంలో ప్రయాణం పొద్దున్నే పెట్టుకుంటాను. చక్రాలు లేపిన రాళ్లు వెనుక ప్రొపెల్లర్‌కు తగులుతాయి, కంకర ఉన్న రన్‌వేలకు వెళ్లను. రన్‌వే కూడా పొడవుగా కావాలి. పచ్చిక మైదానాల్లో దిగే సరదా ఉన్నవాళ్లకు ఈ విమానం పనికిరాదు. ఖర్చు సంగతి ఒక్క మాటలో: ఇంజనుకు తయారీదారు సిఫారసు చేసే ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) గడువు 2,000 గంటలు, ఆ ఖర్చు రెండుసార్లు.

ఆపై సుఖం ఉంది. ఈ విమానానికి ముక్కు దగ్గర ఇంకో చిన్న రెక్క ఉంటుంది, అది ప్రధాన రెక్క కన్నా ముందుగా గాలి మీద పట్టు వదిలేలా గీశారు. వేగం బాగా తగ్గిస్తే ముక్కు కొంచెం వంగుతుంది, వేగం అందుకుని మళ్లీ లేస్తుంది, ప్రధాన రెక్క మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. నలుగురం సామానుతో దూరం వెళ్తున్నప్పుడు, రాత్రి కొండల మీదుగా దాటుతున్నప్పుడు ఆ రెండో ఇంజను విలువ నాకు తెలుస్తుంది. 1986 డిసెంబరులో ఎక్కడా ఆగకుండా, ఇంధనం నింపుకోకుండా భూమిని చుట్టిన వాయేజర్ కూడా ముందూ వెనుకా ఇంజన్లున్న కాంపోజిట్ (పొరలను జిగురుతో అతికించి కట్టే) విమానమే. చివరి దశలో ఇంధనం అందక వెనుక ఇంజను ఆగిపోతే దాని పైలట్లు డిక్ రుటాన్, జీనా యేగర్ ముందు ఇంజనును మళ్లీ నడిపించి బయటపడ్డారు.

నిర్మాణం ఎలా నిలిచిందన్నది అందరూ అడిగే ప్రశ్న. తుప్పు లేదు, ఊడే రివెట్లు లేవు. ఏటా తనిఖీలో ఒక నాణెం తీసుకుని రెక్కంతా చిన్నగా తట్టుకుంటూ వెళ్తాను. పొర అతుక్కుని ఉన్నచోట ‘టక్’మని స్పష్టంగా మోగుతుంది, విడిపోయి ఉంటే ‘డబ్’మని మందంగా వినిపిస్తుంది. ఇన్నేళ్లలో మందంగా వినిపించింది ఒకే చోట, చక్రం మూత అంచున, అదీ చిన్న మరమ్మతుతో పోయింది. విమానం మొత్తం తెలుపే. నీలి ఫోమ్ 74 డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడుతుంది, ముదురు రంగు వేస్తే టెక్సాస్ ఎండలో ఉపరితలం ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు. ఎర్రచారలు వేయించమని మా అబ్బాయి ఎంత అడిగినా ఒప్పుకోలేదు.

ఇప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్లకు నేను డిఫైయంట్ సిఫారసు చేయను. ఫ్లోరిడాలోని వెలాసిటీ సంస్థ అచ్చుల్లో పోసిన భాగాలతో వీ-ట్విన్ అనే కిట్ అమ్ముతోంది. అందులో రెండు ఇంజన్లూ వెనుకే, పక్కపక్కన ఉంటాయి. అరగదీసే పని చాలా తగ్గుతుంది. ఆకారం మొత్తం మీ చేతులతో మలచాలన్న కోరిక ఉండి, సగం కట్టిన డిఫైయంట్ దొరికితే మాత్రం ధర అడగకముందే నాణెం తీసుకెళ్లి ప్రతి అడుగూ తట్టండి, నోటుపుస్తకాలు చదవండి, ఎపాక్సీ ఏ రకమో, గది ఉష్ణోగ్రత ఎంతో రాసి ఉందో లేదో చూడండి. ఇంకో కాంపోజిట్ విమానం కట్టిన మనిషిని వెంట తీసుకెళ్లి, ఇంజన్ల బరువు మోసే అతుకుల్ని అతనితో చూపించండి.