ఆఫ్‌రోడ్‌కి గాలి గేజీ: 15 పాయింట్ల దగ్గర నిజం చెప్పేది ఏది?

హైవే మీద టైరులో గాలి 33 పాయింట్లు (పాయింటు అంటే ఒక పీఎస్‌ఐ) ఉండాల్సిన చోట 31 ఉన్నా బండి నడిచిపోతుంది. ఇసుకలో అలా కుదరదు. గోదావరి తిన్నెల మీదైనా, దుబాయ్‌లో మనవాళ్ళు సెలవు రోజుల్లో వెళ్ళే ఎడారి దిబ్బల్లోనైనా బండి దింపేముందు టైర్లలో గాలి 15 నుంచి 18 పాయింట్లకు తగ్గిస్తారు. 18 అని గేజీ చూపిన చోట నిజంగా 22 ఉంటే చక్రం దిగబడుతుంది. 15 అన్న చోట 10 ఉంటే ఇంకా ప్రమాదం: కాస్త గట్టిగా స్టీరింగ్ తిప్పగానే టైరు అంచు రిమ్ము నుంచి జారి గాలంతా ఒక్క దెబ్బకు పోతుంది. అందుకే ఆఫ్‌రోడ్ గేజీకి అసలు పరీక్ష 35 దగ్గర కాదు, 10కీ 20కీ మధ్య.

కొనేముందు మొదట చూడాల్సింది డయల్ మీద ఆఖరి అంకె. బ్రాండు తర్వాత. డయల్ గేజీల్లో తేడాను మొత్తం స్కేలులో శాతంగా లెక్కగడతారు, మీరు చదివిన అంకెలో శాతంగా కాదు. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం గేజీలకు పెట్టిన ఏఎస్‌ఎంఈ బీ40.100 ప్రమాణంలో గ్రేడ్ బీ అంటే స్కేలు మధ్య సగంలో 2 శాతం, రెండు చివరల్లో 3 శాతం వరకు తేడా ఉండొచ్చు. 160 పీఎస్‌ఐ గేజీలో 15 అనేది కింది చివరన పడుతుంది. 160లో 3 శాతం అంటే 4.8 పాయింట్లు. ముల్లు 15 దగ్గర నిలబడినా లోపల 10 ఉండొచ్చు, 20 కూడా ఉండొచ్చు, అయినా ఆ గేజీ ప్రమాణానికి లోబడే ఉన్నట్టు. అదే గ్రేడ్ 60 పీఎస్‌ఐ గేజీ తీసుకుంటే 15 దగ్గర నుంచే మధ్య భాగం మొదలవుతుంది, తేడా 1.2కి మించదు. కొన్ని డయల్స్ మీద సన్నని అక్షరాల్లో 'క్లాస్ 1.6' అనో 'క్లాస్ 1.0' అనో ఉంటుంది. అది కూడా మొత్తం స్కేలులో శాతమే. ఏ గ్రేడూ, ఏ క్లాసూ రాయని గేజీ ఎంత మెరిసినా వదిలేయండి.

మరి 30 పీఎస్‌ఐ గేజీ ఇంకా మంచిది కదా అంటే, ఇసుక వరకు నిజమే. కానీ 35 ఉన్న టైరుకి పొరపాటున తగిలిస్తే లోపల ఒత్తిడికి కదిలి ముల్లును తిప్పే బూర్డన్ గొట్టం సాగిపోయి మళ్ళీ సరిగ్గా చదవకపోవచ్చు. దిబ్బల దగ్గర నలుగురి చేతులూ మారే చోట అది ఖాయంగా జరుగుతుంది. ఒకటే గేజీ కొంటే 60ది కొనండి.

పెన్సిల్ గేజీ గురించి ఎక్కువ చెప్పేది లేదు. స్ప్రింగుకీ కడ్డీకీ మధ్య దుమ్ము చేరితే ప్రతిసారీ ఒక్కో అంకె చూపిస్తుంది. డ్యాష్‌బోర్డు అరలో అత్యవసరానికి పడి ఉండనివ్వండి, దాన్ని నమ్మి ఇసుకలోకి దిగొద్దు.

డిజిటల్ గేజీలు రాత్రిపూట చదవడానికి హాయి. అయితే తెర మీద 15.3 అని కనబడినంత మాత్రాన పాయింటులో పదో వంతు వరకు నిజమని కాదు. పెట్టె మీద 'యాక్యురసీ' అన్న చోట 1 పీఎస్‌ఐ అటూ ఇటూ అని రాసి ఉంటే ఆ దశాంశానికి విలువ లేదు. కొన్ని మోడళ్ళు ఆన్ చేసిన క్షణంలో ఉన్న ఒత్తిడినే సున్నా అనుకుంటాయి. అలాంటిదాన్ని వాల్వుకి తగిలించాక ఆన్ చేస్తే రీడింగు మొత్తం తప్పు. ముందు ఆన్ చేసి, 0.0 చూశాకే తగిలించాలి. మే నెల ఎండలో అద్దం కింద వదిలేస్తే తెర నల్లబడుతుంది కూడా.

మా ఓటు రెండున్నర అంగుళాల డయల్, 60 పీఎస్‌ఐ స్కేలు, అర పాయింటుకో గీత, అడుగు పొడవు రబ్బరు పైపు, పక్కన గాలి వదిలే బటన్ ఉన్న గేజీకి. పైపు లేకుండా నేరుగా డయల్‌కే మూతి ఉన్నవి కొన్ని రిమ్ముల లోతులో సూటిగా కూర్చోవు. వంకరగా కూర్చుంటే సుయ్యిమని గాలి పోతుంటుంది, ముల్లు అసలు కంటే తక్కువ చూపిస్తుంది.

షాపులోనే గేజీని వెలుతురులో పట్టుకుని సున్నా దగ్గర చూడండి. చాలావాటిలో అక్కడ ఒక చిన్న పిన్ను ఉంటుంది, ముల్లు దానికి ఆనుకుని ఆగుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, గేజీ కిందపడి ముల్లు రెండు పాయింట్లు వెనక్కి జరిగినా ఆ పిన్ను దాన్ని అక్కడే ఆపి సున్నా అనిపిస్తుంది. పిన్ను లేని డయల్ అయితే ముల్లు సున్నా గీతను దాటి కిందికి వాలి, తప్పు వెంటనే కంటపడుతుంది. మేమైతే పిన్ను లేనిదే కొనమంటాం.

గ్లిజరిన్ నింపిన డయల్‌లో ముల్లు వణకదు, కుదుపులకు తట్టుకుంటుంది. కానీ దాని డబ్బా పూర్తిగా మూసి ఉంటే లోపలి గాలి వేడికి ఉబ్బి ముల్లును కిందికి నొక్కుతుంది. 25 డిగ్రీల దగ్గర మూసింది 50 డిగ్రీల ఎండలో సుమారు ఒక పాయింటు పైనే తక్కువ చూపిస్తుంది. ఎత్తుకు వెళ్ళినా ఇదే గొడవ. విశాఖ నుంచి అరకు ఎక్కేసరికి బయటి గాలి ఒత్తిడి దాదాపు ఒకటిన్నర పాయింట్లు తగ్గుతుంది, మూసిన డబ్బాకి ఆ సంగతి తెలియదు. మందు సులువే: డబ్బా పైనున్న రబ్బరు బిరడా కొనను కోయాలి, లేదా దాని మీటను 'ఓపెన్' వైపు తిప్పాలి. ఆ తర్వాత గేజీని నిలువుగానే ఉంచాలి, లేకపోతే గ్లిజరిన్ కారుతుంది.

గాలి తగ్గించే పరికరాల్లో ఏఆర్‌బీ ఈజీ డిఫ్లేటర్ లాంటివి వాల్వు పిన్నునే బయటికి లాగి గాలి వదులుతాయి. టైరుకి నిమిషం అటూ ఇటూ పడుతుంది. దానికే డయల్ ఉంటుంది గానీ గాలి పోతుండగా చూసే అంకె అసలు కంటే తక్కువ. గాలి వదిలే స్లైడు మూసి, ముల్లు నిలిచాకే చదవాలి. పిన్ను ఇసుకలో పడితే దొరకదు, జేబులో రెండు విడి పిన్నులు తప్పనిసరి. కంప్రెసర్లతో దీనికి తిరగబడుతుంది: మోటారు నడుస్తున్నంతసేపు పైపులోని ఒత్తిడినే చూపించేవి ఎక్కువ కాబట్టి అంకె ఎక్కువగా కనబడుతుంది. ఆపి, కొన్ని సెకన్లు ఆగి చదవండి.

ఎంత మంచి గేజీ చేతిలో ఉన్నా మోసం చేసేది టైరు వేడి. హైవే మీద 60 డిగ్రీలకు వేడెక్కిన టైరులో 16కి దింపి, నీడలో భోజనం చేసి వచ్చేసరికి అది 35 డిగ్రీలకు చల్లబడితే లోపల మిగిలేది 14కి కాస్త తక్కువే. వేడి మీద 18 దగ్గర ఆపండి, చల్లబడ్డాక మళ్ళీ కొలిచి సరిచేయండి.

కొన్న గేజీని పరీక్షించడానికి బంకులోని మిషనుతో పోల్చి లాభం లేదు, దాని నిజమెంతో ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున చల్లని టైరు మీద వరసగా ఐదుసార్లు కొలవండి. ప్రతిసారీ బటన్ నొక్కి ముల్లును సున్నాకి తేవాలి. ఐదింటి మధ్య అర పాయింటుకు మించి తేడా వస్తే తిరిగి ఇచ్చేయండి. ఎప్పుడూ ఒకటిన్నర ఎక్కువ చూపించే గేజీతో లెక్క సరిచేసుకుని బతకొచ్చు, పూటకో మాట చెప్పేదాంతో కుదరదు. ఆ తేడా ఎంతో తేల్చుకోవాలంటే ఎన్‌ఏబీఎల్ (ల్యాబులను పరీక్షించి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న కాలిబ్రేషన్ ల్యాబుకి ఇచ్చి 10, 15, 20, 30 దగ్గర, ఒత్తిడి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కొలిపించండి. వచ్చిన తేడాలను చిన్న కాగితం మీద రాసి డయల్ వెనక అతికించండి. గేజీ ఎప్పుడైనా రాతి మీద పడితే ఆ కాగితం పీకేసి, మళ్ళీ కొలిపించాకే కొత్తది అతికించాలి.